చప్పుడు లేని నెలలో నైట్‌క్లబ్బు

అక్రా, జేమ్స్‌టౌన్
1973 ఏప్రిల్ 8, ఆదివారం

కుమాసీలో పుస్తకాల మధ్య కొలువు తీరిన షోర్మే మహారాణి గారికి, చేపల వాసన మధ్య కొలువు తీరిన మీ తాత ఒబోడాయ్ రాయునది.

నేను బాగున్నాను. మీ నానమ్మ అయెలే కూడా బాగుంది. పొద్దున్నుంచి నన్ను మూడుసార్లు తిట్టింది, అంటే ఒంట్లో ఏ నలతా లేదన్నమాట.

అసలు సంగతికొస్తాను. శుక్రవారం పట్టణ ఆఫీసు నుంచి ఒకాయన టేపు పట్టుకుని వచ్చి మన క్లబ్బు ఆవరణ నాలుగు మూలలూ కొలిచాడు. పేరు అజెకుమ్. మీ కుమాసీ వైపు మనిషే, ఈ మధ్యే బదిలీ మీద వచ్చాడు. ఇక్కడ లారీల స్టాండు కడతారట. నైట్‌క్లబ్బని రిజిస్టరు అయిన చోటయితే మాత్రం వదిలేస్తారట. ముప్పై ఏళ్ళుగా నడుపుతున్న దాన్ని ఇప్పుడు రిజిస్టరు చేసుకోవడం ఏంటయ్యా అన్నాను. కాయితం మీద లేనిది లేనట్టేనన్నాడు. అయితే నేనూ లేనట్టే, నా పుట్టుక ఏ కాయితం మీదా లేదు, మరి ఇంతసేపూ ఎవరితో మాట్లాడుతున్నావని అడిగాను. నవ్వలేదు తల్లీ. నవ్వని మనిషంటే నాకు భయం.

ఒక ఫారం ఇచ్చి వెళ్ళాడు, ఇందులో పెడుతున్నాను. మొదటి గడిలోనే నన్ను పడగొట్టారు చూడు: మీ స్థలాన్ని నైట్‌క్లబ్బు అని ఏ అర్థంలో అంటున్నారు? ఏ అర్థంలో అనాలే? నాలుగు గోడలు, పైన కప్పు లేదు, మధ్యలో సిమెంటు గచ్చు. గట్టు మీద లాంతే, వాడి బాకా, వాడి బృందం. శనివారం పొద్దుగూకితే వలలు లాగినవాళ్ళు, చేపలమ్మినవాళ్ళు, బట్టలు కుట్టినవాళ్ళు వచ్చి తెల్లారేదాకా ఆడతారు. ‘ఎవరికి తెలుసు’ అని బోర్డు నేనే రాయించాను. రాత్రంతా ఎక్కడున్నావని పెళ్ళాం అడిగితే, ‘ఎవరికి తెలుసు’ అనొచ్చు, అబద్ధమూ ఆడినట్టు కాదు. ఇంతకుమించి నాకేం తెలుసు? ఆ మాట ఎక్కడ పుట్టిందో, దానికి తల్లెవరో తండ్రెవరో నేనెరగను.

నువ్వు లైబ్రరీలో ఉద్యోగం చేస్తున్నావు కదా, అక్కడ నా అంత బరువున్న నిఘంటువు ఉంటుందన్నావు. అందులో వెతికి ఫారం నింపి పెట్టు. నాలుగో తరగతి వాణ్ణి, నేను నింపితే లారీల స్టాండు మన పడకగదిలో కడతారు.

తిని పడుకో, పుస్తకాలు కాపలా కాయకు.
మీ తాత


కుమాసీ
ఏప్రిల్ 17

తాతకి,

ఉత్తరం అందగానే పెద్ద నిఘంటువు దించాను. నువ్వు నవ్వుతావు. క్లబ్బు అంటే మొదట, చివర ముడిలా లావుగా ఉండే దుడ్డుకర్రట. ఆ ముడిలాగే మనుషులు ఒకచోట గుంపు కట్టడాన్ని కూడా అదే మాటతో చెప్పుకున్నారు. ఆ తర్వాత, నలుగురూ చేరి ఎవరి వంతు వాళ్ళు వేసుకుని భోజనాలూ పానీయాలూ పంచుకుంటే దాన్ని క్లబ్బు అన్నారు. చివరికి వాళ్ళు చేరే ఇంటికీ ఆ పేరే వచ్చింది. రాత్రి అన్న మాట దాని ముందు చేరి ఇంకా వందేళ్ళే అయింది, అదీ ఇంగ్లీషువాళ్ళ దేశంలో. సారా దుకాణాలు మూసేయాల్సిన వేళ దాటాక కూడా, ఇది దుకాణం కాదు సభ్యుల చోటు అని చెప్పి తలుపులు తీసి ఉంచుకునేవాళ్ళట.

అంటే నైట్‌క్లబ్బులో ముఖ్యం రాత్రీ కాదు, పాటా కాదు తాతా. మనుషులు చేరడం, తలా ఒకటి పెట్టడం. మొదటి గడిలో ఇదే రాశాను.

చివర్లో ఇంకో గడి ఉంది: మా అధికారి వచ్చి క్లబ్బు నడుస్తుండగా చూడదగిన తేదీ. జూన్ 2, శనివారం అని రాశాను. అప్పటికి నాకు నాలుగు రోజులు సెలవు దొరుకుతుంది. ఇన్నేళ్ళలో నానమ్మ నన్ను క్లబ్బు గోడ దాటనివ్వలేదు. చదువుకునే పిల్లకి బాకాలెందుకంది. ఇప్పుడు ఉద్యోగం చేస్తున్నాను, ఇక ఆపలేదు. నీ పక్కన నిలబడి ఆ అజెకుమ్ గారికి అంతా నేనే చూపిస్తాను.

నీకు పంపి మళ్ళీ నువ్వు పంపి ఆలస్యం ఎందుకని, ఫారం నేరుగా ఆఫీసుకే పోస్టు చేసేశాను. నిశ్చింతగా ఉండు.

నీ తెలివైన మనవరాలు
షోర్మే


అక్రా
ఏప్రిల్ 29

దుడ్డుకర్రల పండితురాలికి,

నీ ఉత్తరం లాంతేకి, మీ నానమ్మకి, ఎదురింటి టైలరుకి చదివి వినిపించాను. మీ నానమ్మ కెంకీ పిండి కలిపే తెడ్డు ఎత్తి, అయితే ముందు నుంచీ క్లబ్బు నాదే, నీది కాదంది. అందరూ పడీ పడీ నవ్వారు. నాకైతే ఒళ్ళు పులకరించింది. తలా ఒకటి పెట్టడం అన్న ముక్క పది మందికి చెప్పాను. ముప్పై ఏళ్ళుగా నోట్లో ఉన్న పండుకి రుచి ఇప్పుడు తెలిసినట్టుంది.

కానీ తేదీ చూసి నా చేతిలో గ్లాసు జారిపోయింది. జూన్ 2నా? ఆఫీసుకి వెళ్ళి అడిగాను, మీ సంతకం మీ తేదీ, లిస్టులోకి ఎక్కిపోయిందన్నారు. పోస్టు చేసేముందు ఒక్క ముక్క అడగాల్సింది. ఆ రోజు లాంతే బాకా ఊదడు, డ్రమ్ములవాడు పుల్ల ముట్టడు. ఎందుకో నీకు నేను చెప్పాలా? జేమ్స్‌టౌన్‌లో పుట్టిన పిల్లవి. కాస్త ఆలోచించి సిగ్గుపడు, నేనిక్కడ కూర్చుని నవ్వుకుంటాను. నవ్వడం అయ్యాక ఏడుస్తాను.

మీ తాత, ప్రస్తుతానికి క్లబ్బు యజమాని


కుమాసీ
మే 6

తాతా,

చాలా బాధపడ్డాను. లాంతేకీ నీకూ గొడవైందా? నీ నాలుక నాకు తెలియదా? వాడి బాకాని మేక అరుపని మళ్ళీ ఏడిపించి ఉంటావు. పాతికేళ్ళు మనింటి కెంకీ తిన్నవాడు ఇలాంటి సమయంలో ఊదనంటాడా? వాడికి విడిగా ఒక ఉత్తరం రాశాను, కాస్త ఘాటుగానే రాశాను.

నువ్వేం బెంగపడకు. మా లైబ్రరీలో పనిచేసే ఒకావిడ కొత్త రికార్డు ప్లేయరు అరువిచ్చింది. దానికి రెండు పెద్ద స్పీకర్లు, సముద్రం మీద పడవలవాళ్ళకి కూడా వినపడుతుంది. అక్రా వచ్చే లారీ డ్రైవరుకి అప్పజెప్పాను, దిగగానే మోగించి చూపించమని చెప్పాను. ఇక లాంతే రాకపోయినా పర్వాలేదు.

గొడవ మానేయ్ తాతా, వయసైంది.
షోర్మే


అక్రా
మే 16, బుధవారం

ఒసే కుమాసీదానా,

లాంతే నీ ఉత్తరం పట్టుకుని ఏడుస్తూ వచ్చాడు. తన బాకాని నేను మేక అన్నది నిజమే, కానీ అది పదేళ్ళ కిందటి మాట, అప్పుడు ఇద్దరం కలిసే నవ్వుకున్నాం. ఇప్పుడు వాణ్ణి ఓదార్చడానికి పామ్‌వైన్ పోయాల్సి వచ్చింది.

దానికంటే పెద్ద కథ విను. నీ రికార్డు ప్లేయరు నిన్న మధ్యాహ్నం దిగింది. డ్రైవరు ఉత్తరాది మనిషి, పాపం, నువ్వు చెప్పినట్టే వీధి మధ్యలో పెట్టి మోగించాడు. స్పీకర్లు బాగున్నాయి. చాలా బాగున్నాయి. సగం పాట అయ్యేసరికి వీధి వీధంతా తలుపులేసుకుంది. మీ నానమ్మ పరుగెత్తుకొచ్చి తన ఒంటి మీది పైగుడ్డ తీసి దాని మీద కప్పి, దాని మీద తనే కూర్చుంది. అప్పటికే పూజారి మనుషులు గుమ్మంలో ఉన్నారు.

ఇంకా గుర్తు రాలేదా? సోమవారం మన పెద్ద పూజారి జొన్న విత్తారు. విత్తిన రోజు నుంచి ముప్పై రోజులు అక్రాలో మన గా జాతివాళ్ళ వాడల్లో డ్రమ్ము మోగకూడదు, బాకా ఊదకూడదు, చప్పట్లు కూడా కొట్టకూడదు. గింజ మొలకెత్తే వేళ నేలకి నిద్ర కావాలి, దేవతలకి నిశ్శబ్దం కావాలి. పంట పండుగ ముందు ఏటా చేసేదే. చిన్నప్పుడు ఆ నెలలో నువ్వు రేకు డబ్బా కొడితే నేను నీ చెవి మెలిపెట్టాను, ఆ చెవి ఇంకా ఉందా, దాన్నీ లైబ్రరీకి ఇచ్చేశావా? నాలుగేళ్ళు కుమాసీలో ఉండేసరికి జొన్న ఎప్పుడు విత్తుతారో మర్చిపోయావు. నువ్వు రాసిన జూన్ 2 సరిగ్గా ఆ ముప్పై రోజుల లోపలే పడింది.

డ్రైవరు తరఫున, నీ తరఫున, ఆ పెట్టె తరఫున నేనే వెళ్ళి రెండు సీసాల జిన్ను పెట్టి తప్పు ఒప్పుకున్నాను. పెట్టె ఇప్పుడు మంచం కింద ఉంది. మీ నానమ్మ దాన్ని పలకరించడం లేదు.

చెవి మెలిపెట్టే దూరంలో లేనందుకు చింతిస్తూ,
మీ తాత


కుమాసీ
మే 21

తాతా,

తల ఎత్తుకోలేకపోతున్నాను. ఎలా మర్చిపోయాను? క్యాలెండరు తీసి సెలవులు చూశాను, శనివారం చూశాను, జొన్న సంగతి తోచనే లేదు. లాంతే మామకి క్షమాపణ ఉత్తరం వేరే రాశాను, చదివి వినిపించు. నువ్వు మాత్రం నడుమ నీ మాటలు కలపకు.

తప్పు నాది కాబట్టి దిద్దుబాటూ నేనే చేశాను. పట్టణ ఆఫీసుకి రాశాను. జూన్ 2న సంప్రదాయం ప్రకారం క్లబ్బులో సంగీతం ఉండదు కనుక, దయచేసి వేరే తేదీ ఇవ్వండని మర్యాదగా రాశాను. పోస్టు చేసి రెండు రోజులైంది. మార్చడానికి వాళ్ళకేం కష్టం ఉంటుంది?

నానమ్మ కాళ్ళకి దండాలు.
షోర్మే


అక్రా
మే 26, శనివారం

దిద్దుబాట్ల షోర్మేకి,

ఇక ఏదీ దిద్దకు తల్లీ. నీ చేతులు కట్టుకుని ఓ మూల కూర్చో.

అజెకుమ్ గారు నీ ఉత్తరం పట్టుకుని స్వయంగా వచ్చాడు. తేదీలు మార్చడం కుదరదట. జూన్ 5న కొత్త పేర్లకి రిజిస్టరు మూసేస్తారు, ఆ తర్వాత ఆయన మూడు వారాలు వేరే లిస్టుల మీద తిరుగుతాడు. పైగా ఇప్పుడు కొత్త చిక్కు. ఆ రోజు మా క్లబ్బు నడవదని మీ మనవరాలే చేవ్రాలు చేసి ఇచ్చింది కదా, నడవని క్లబ్బుని ఏం చూడమంటారన్నాడు. వచ్చి చూసి, నడవట్లేదని రాసి వెళ్తానన్నాడు. గొంతులో కోపం లేదు. ఏనుగు కాలు కింద చీమ పడితే ఏనుగుకి కోపం ఉంటుందా?

ఆయన వెళ్ళాక గచ్చు మీద చాలాసేపు కూర్చున్నాను. ముప్పై ఏళ్ళ కిందట ఆ సిమెంటు నేనే కలిపాను. దాని మీద లారీలు నూనె కారుస్తుంటే చూడాలా అనిపించింది. బాకా మోగితే మా పూజారి ముందు తల దించుకోవాలి, మోగకపోతే ఆఫీసు ముందు. పూజారికి నేనెప్పుడూ ఎదురు తిరగలేదు, తిరగను. అది నా లైసెన్సు కంటే పాతది.

అప్పుడు నీ నిఘంటువు గుర్తొచ్చింది. ముఖ్యం పాట కాదు, చేరడం, తలా ఒకటి పెట్టడం అన్నావు. లేచి తిన్నగా పూజారి దగ్గరికి పోయాను. తెల్లబట్టల్లో గుమ్మంలో కూర్చుని ఉన్నాడు. చెప్పులు విప్పి అడిగాను.

“అయ్యా, ఈ నెలలో జనం ఒకచోట చేరొచ్చా?”

“చేరొచ్చు.”

“తినొచ్చా?”

“నోరు మూసుకుని నమిలితే తినొచ్చు.”

“మరి అడుగెయ్యొచ్చా?”

ఆయన చాలాసేపు నా మొహం చూశాడు. నా గురించి ఆయనకి తెలుసు, ఏదో తిరకాసు ఉంటుందని వెతుకుతున్నాడు. చివరికి అన్నాడు, “నేల నీ అడుగు వినకూడదు ఒబోడాయ్. వినపడకుండా ఎన్ని వేసుకుంటావో వేసుకో.”

అంతే, నాకు డెబ్భై ఒక్కేళ్ళు పోయి పదిహేడు వచ్చేశాయి. సిమెంటు మీద పాదం పడితే చప్పుడవుతుంది. ఇసుక మీద పడితే అవదు. మన దగ్గర లేనిదేదైనా ఉందంటే అది ఇసుక కాదు కదా. నిన్నటి నుంచి చేపలమ్మే ఆడవాళ్ళందరూ తట్టలతో సముద్రపు ఇసుక మోసుకొచ్చి గచ్చంతా జానెడు మందాన పరుస్తున్నారు. ఎవరి తట్ట వాళ్ళది. ఎవరూ అడక్కుండానే వస్తున్నారు, నేను చేస్తున్నదల్లా వాళ్ళని వెక్కిరించడం ఒక్కటే.

శుక్రవారానికల్లా దిగు. నాకు మనసు ఆగట్లేదు.
మీ తాత


కుమాసీ
మే 29

తాతా,

నాకు సెలవు రద్దయింది. ఇక్కడి పిల్లల పరీక్షలు ముందుకి జరిపారు, లైబ్రరీ రాత్రి పది దాకా తెరవాలట. ఏడ్చి చూశాను, మా అధికారి కదల్లేదు. తప్పు చేసినదాన్ని, ఆ రోజు నీ పక్కన కూడా ఉండలేకపోతున్నాను.

లారీ డ్రైవరు చేత ఒక కాయితం పంపుతున్నాను. నిఘంటువులో ఉన్న అర్థాలన్నీ పెద్ద అక్షరాలతో రాశాను, చివర లైబ్రరీ ముద్ర వేయించాను. మాట్లాడకుండా చూపించడానికి పనికొస్తుంది. ముద్ర ఉంటే అజెకుమ్ గారు చదువుతారు.

నిద్ర పట్టడం లేదు. ఏం జరిగిందో ఆ రాత్రే కూర్చుని రాయి.
షోర్మే


అక్రా
జూన్ 3, ఆదివారం, ఇంకా పూర్తిగా తెల్లారలేదు

తల్లీ షోర్మే,

పడుకోలేదు. కాళ్ళనిండా ఇసుక, కడుక్కోలేదు. చెప్తాను, వరసగా చెప్తాను.

నిన్న పొద్దుగూకేసరికి జనం రావడం మొదలైంది. చెప్పులు గోడ బయట వదిలి, ఎవరి పీట వాళ్ళు చంకన పెట్టుకుని, చేతిలో తలా ఒకటి. వేయించిన చేప, మిరపకాయల షిటో పచ్చడి, కర్రపెండలం రవ్వ గారీ, నారింజలు, ఒకడైతే ఒక్క ఉల్లిపాయ తెచ్చాడు. అన్నీ పొడుగాటి బల్ల మీద పెట్టారు. లెక్క పెట్టాను, ఎనభై ఏడు మంది. మామూలు శనివారం యాభై దాటరు.

లాంతే బృందం ఇస్త్రీ చొక్కాలేసుకుని గట్టు మీద వరసగా కూర్చుంది. బాకా పెట్టెలోనే ఉంది, డ్రమ్ముల మీద దుప్పటి. లాంతే లేచి నిలబడి జేబులోంచి తెల్ల రుమాలు తీశాడు. దాన్ని మెల్లగా పైకెత్తి, కిందికి దించి, పక్కకి తిప్పాడు. అంతే తల్లీ, ఎనభై ఏడు మందికీ ఆ పాట ఏదో తెలిసిపోయింది. పాతికేళ్ళు విన్నారు కదా. రుమాలు ఎటు తిరిగితే అటు తిరిగారు. ఆడవాళ్ళు ముందు, మగవాళ్ళు వెనక, పెద్ద గుండ్రం కట్టి. ఇసుక మీద పాదాలు జారుతుంటే చాట్లో బియ్యం చెరుగుతున్నంత చప్పుడు కూడా లేదు. అవతల సముద్రం అల ఒకటి వచ్చి పడితే, అదే మాకు డ్రమ్ము అనుకున్నాం. బాకా వాయించే అలవాటుకి లాంతే బుగ్గలు వాటంతట అవే ఉబ్బుతున్నాయి. అది చూసి నవ్వొచ్చినవాళ్ళు పైగుడ్డ నోట్లో కుక్కుకున్నారు. నేను రెండుసార్లు గోడ అవతలికి పరుగెత్తి నవ్వి వచ్చాను.

తొమ్మిదింటికి అజెకుమ్ గారు వచ్చాడు. గుమ్మంలో నిలబడి వాచీ చూసుకున్నాడు. ఎప్పుడు మొదలవుతుందని గొంతు తగ్గించి అడిగాడు. సగం అయిపోయిందన్నాను. నీ కాయితం చేతిలో పెట్టాను. లాంతరు కింద రెండుసార్లు చదివాడు, ముద్ర మీద వేలు పెట్టి రుద్ది కూడా చూశాడు. సంగీతం లేదు కదా అన్నాడు. కాయితంలో సంగీతం అన్న మాట ఉందా అన్నాను. మళ్ళీ చదివాడు. లేదు.

అయినా ఆఫీసరు కదా. వీళ్ళు సభ్యులని నమ్మకం ఏమిటి, దారిన పోయేవాళ్ళని పోగేశావేమో అన్నాడు. అప్పుడే మీ నానమ్మ కెంకీ కుండ నెత్తిన పెట్టుకుని లోపలికొచ్చింది. ముప్పై ఏళ్ళలో ఆ మనిషి ఆ గుమ్మం దాటలేదు. ఆయన నేరుగా ఆమెనే పట్టుకున్నాడు.

“అమ్మా, మీరు ఈ క్లబ్బు సభ్యురాలా?”

“ఈ పూట నుంచి.”

“ఇన్నాళ్ళూ ఎందుకు కాదు?”

“ఆ గోడకవతల చెవుల్లో దూది పెట్టుకుని పడుకున్నాను నాయనా. వీళ్ళు గోల చేస్తారనుకున్నాను. గోల తీసేస్తే లోపల ఇంత అందం ఉంటుందని ఈ ముసలాడు ఎప్పుడూ చెప్పలేదు.”

కుండ బల్ల మీద పెట్టి, నా వైపు చూడకుండా గుండ్రంలోకి వెళ్ళిపోయింది. షోర్మే, మీ నానమ్మ ఆడింది. నడుముకి చెయ్యి పెట్టి, మెడ కాస్త వంచి, రుమాలు వైపు చూస్తూ. పెళ్ళికి ముందు ఒక్కసారి చూశాను ఆ మెడని.

అజెకుమ్ గారు లోపలికి అడుగేయబోతే టైలరు ఆయన బూట్లు చూపించి వేలు ఊపాడు. విప్పాల్సి వచ్చింది. ఎడమ మేజోడుకి బొటనవేలు దగ్గర చిల్లు. చూసి కూడా చూడనట్టు ఊరుకున్నాను. జన్మలో అంత కష్టం ఎప్పుడూ పడలేదు. నోటుపుస్తకం చేతిలో పట్టుకునే గుండ్రం వెంట ఒక చుట్టు నడిచాడు. నడిచాడో ఆడాడో నేను సాక్ష్యం చెప్పలేను. బల్ల దగ్గర ఆగి చేప తిన్నాడు. ఏదో రాసుకున్నాడు. బూట్లు చేత్తో పట్టుకుని వెళ్ళిపోయాడు.

ఏం రాశాడో తెలియదు. నాకు భయంగా ఉంది, సంతోషంగా కూడా ఉంది, రెండూ ఒకే కడుపులో పట్టట్లేదు.

మీ నానమ్మ ఇంకా నిద్ర లేవలేదు, అరికాళ్ళు నొప్పులట.
మీ తాత


కుమాసీ
జూన్ 9

తాతా,

వచ్చింది. ఫారం మీద నా చిరునామా ఉంది కదా, లైసెన్సు ఇక్కడికే వచ్చింది. కవరు చింపే తొందరలో సగం స్టాంపు కూడా చింపేశాను. ‘ఎవరికి తెలుసు’, జేమ్స్‌టౌన్, రకం: నైట్‌క్లబ్బు. సంతకం, ముద్ర. మన ఆవరణ మనదే తాతా. లైబ్రరీలో గట్టిగా అరిచాను. ఇన్నాళ్ళూ అందరినీ నిశ్శబ్దం అన్నదాన్ని, ఆ రోజు అందరూ నన్ను అన్నారు.

కానీ కింద ఇంకో వరస ఉంది. ఎలా చెప్పాలో తెలియక రెండు రోజులు ఆగాను. ‘వాద్యం: లేదు’ అని ఉంది. వెనక వైపు షరతుల్లో, ఇందులో రాసినట్టు కాక వేరేలా నడిపితే లైసెన్సు రద్దవుతుందని ఉంది. అంటే లాంతే మామ ఇక ఎప్పటికీ ఊదకూడదా? ఎంత ఆలోచించినా నా తేదీ దగ్గరికే వచ్చి ఆగుతున్నాను.

లైసెన్సు డ్రైవరు చేతికిచ్చి పంపుతున్నాను. ఆఫీసుకి నేనేమీ రాయలేదు. చేతులు కట్టుకుని మూల కూర్చున్నాను.

షోర్మే


అక్రా
జూన్ 18, సోమవారం

మూల కూర్చున్న మనవరాలికి,

ఇక లేచి రావచ్చు.

లైసెన్సు చూసి లాంతే బాకా పెట్టె మీద తల పెట్టి పడుకున్నాడు. ఎవరు పిలిచినా లేవలేదు. అది పట్టుకుని ఆఫీసుకి వెళ్తే అజెకుమ్ గారు ఊళ్ళో లేరు. ఉన్నవాళ్ళు, ఆయన ఏది చూశాడో అదే రాశాడు, మేమేం చేస్తామన్నారు. నిజమే కదా, చూసిందే రాశాడు. అంత నిజాయితీగా నన్ను ముంచినవాణ్ణి ఇంతవరకు చూడలేదు.

గురువారం నేల మేలుకుంది, నిశ్శబ్దం ఎత్తేశారు. పూజారి ఇంటి ముందు డ్రమ్ములు మోగాయి. వీధి వీధంతా గొంతు విప్పింది. మన ఆవరణ ఒక్కటే నోరు మూసుకుని ఉంది. శనివారం జనం వచ్చారు, పీటలేసుకుని కూర్చుని లాంతే వైపు చూస్తున్నారు. లాంతే నా వైపు చూస్తున్నాడు. నేను లైసెన్సు వైపు చూస్తున్నాను.

అప్పుడు గుమ్మంలోకి ఒక మనిషి వచ్చాడు. ఆఫీసు చొక్కా లేదు. ఒంటి చుట్టూ గుడ్డ కట్టుకుని, ఒక చేతిలో మూత పెట్టిన గిన్నె, ఇంకో చేతిలో బూట్లు. పక్కన భార్య. అజెకుమ్ గారే. వేరే లిస్టు మీద తిరుగుతున్నా ఆదివారాలు ఇంటికొస్తాడట, ఈసారి ఇందుకోసమే ఒకరోజు ముందు బయల్దేరాడట. గిన్నె తీసుకెళ్ళి బల్ల మీద పెట్టాడు. వేరుశనగ పులుసు. ఆ రోజు మీరందరూ పెట్టిందే తిన్నాను, నేనేం పెట్టలేదు, నిద్ర పట్టలేదన్నాడు.

ఆమె చుట్టూ చూసి, ఇవాళ కూడా మాట్లాడకూడదా అని చెవిలో గొణిగింది. మాట్లాడొచ్చమ్మా, మీ ఆయన రాతే మాట్లాడనివ్వట్లేదన్నాను. లైసెన్సు చూపించాను. ఆయన లాంతరు దగ్గరికి తీసుకెళ్ళి తన రాత తనే చదువుకున్నాడు. గట్టు మీద ఇస్త్రీ చొక్కాల్లో కూర్చున్నవాళ్ళని చూశాడు, లాంతే ఒళ్ళో పెట్టెని చూశాడు. నేను చూసింది ఆ నెల, ఏడాది కాదన్నాడు. పెన్ను తీసి ‘లేదు’ అన్న మాటకి ముందు ఖాళీలో ఇరికించి రాసి, పక్కన పొట్టి సంతకం పెట్టాడు. ఇప్పుడు ఆ వరస ఇలా ఉంది: వాద్యం: ఏడాదిలో ఒక నెల లేదు.

ఆ సిరా ఆరకముందే లాంతే ఊదాడు. మేక అరుపని ఇకముందు అనను. ఈ వారానికి అనను.

అందరూ ఆడుతుంటే అజెకుమ్ గారు మళ్ళీ నా దగ్గరికొచ్చాడు, నోటుపుస్తకం తీశాడు. రిజిస్టరులో కూడా రాయాలట.

“ఆ నెల ఏదో తేదీలతో సహా చెప్పండి తాతా.”

“అది ఏటా మారుతుంది నాయనా. పూజారులు చెప్పాలి.”

“మరి ముందుగా ఎవరిని అడిగి రాసుకోను?”

“ఎవరినైనా అడుగు,” అన్నాను. “కుమాసీలో మా మనవరాలిని మాత్రం అడక్కు.”